తహ్‌జీబె నిస్వాన్ సంపాదకురాలు ముహమ్మదీ బేగం

ఉర్దూ సాహిత్యం తెలిసిన ఇళ్లలో 'అనార్కలి' నాటకకర్త ఇంతియాజ్ అలీ తాజ్ పేరు వినని వారుండరు. కాని ఆయన కన్నతల్లి ముహమ్మదీ బేగం పేరు మన పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. ఒక ముస్లిం స్త్రీ సంపాదకత్వాన వెలువడిన తొలి ఉర్దూ పత్రిక ఆమెదే.

ఆమె 1878లో పంజాబులోని షాహ్‌పూర్‌లో జన్మించారు. తండ్రి ప్రభుత్వోద్యోగి. ఆ రోజుల్లో షరీఫ్ ఖాందానుల ఆడపిల్లలకు ఖుర్ఆన్ పారాయణం, కాస్త ఉర్దూ చదవడం నేర్పేవారు. కలం మాత్రం చేతికి ఇచ్చేవారు కాదు. రాయడం వస్తే ఎవరికి ఉత్తరాలు రాస్తుందోనని భయం! (మా నానమ్మ తరం దాకా ఆ భయం పోలేదు.) ముహమ్మదీ బేగం మాత్రం ఉత్తరాల కోసమే రాత నేర్చుకున్నారు. అక్క పెళ్లయి అత్తవారింటికి వెళ్లిపోతే, ఆమె క్షేమం తెలుసుకోవడానికి ఎనిమిదేళ్ల వయసులో అక్షరాలు దిద్దారు.

1897లో లాహోరుకు చెందిన మౌల్వీ సయ్యద్ ముమ్తాజ్ అలీతో ఆమె నికాహ్ జరిగింది. ఆయన భార్య మరణించగా ఇది రెండో వివాహం. ఆయన దేవ్‌బంద్‌లో చదివిన ఆలిమ్. మదరసా చదువు స్త్రీ విద్యకు అడ్డమని అనేవారు ఈ సంగతి గమనించాలి. స్త్రీలకు షరీఅత్ ఇచ్చిన హక్కులను ఆచారాల పేరుతో మనమే కాజేస్తున్నామని ఆయన 'హుకూకె నిస్వాన్' అనే గ్రంథం రాశారు. రాతప్రతిని అలీగఢ్ తీసుకువెళ్లి సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్‌కు చూపిస్తే, ఆ పెద్దాయన కోపంతో చించి చెత్తబుట్టలో వేశారు. ముందు మగపిల్లలు చదువుకోవాలి, ఆడవారి సంగతి తరువాత అన్నది సర్ సయ్యద్ అభిప్రాయం. ఆయన చేసిన మేలు ఎవరూ మరువలేరు గాని, ఈ విషయంలో ఆయన పొరబడ్డారనే చెప్పాలి. ముమ్తాజ్ అలీ ఆ కాగితాలను బుట్టలోంచి ఏరి తెచ్చుకున్నారు. సర్ సయ్యద్ మరణించిన తరువాత, 1898లో గ్రంథాన్ని ప్రచురించారు.

ఆ ఏడాది జూలై 1న భార్యాభర్తలు 'తహ్‌జీబె నిస్వాన్' వారపత్రికను ప్రారంభించారు. ముహమ్మదీ బేగం వయసు అప్పటికి ఇరవై. భర్త దగ్గర అరబీ, ఫార్సీ నేర్చుకుని, అచ్చు ప్రతులు దిద్దడం కూడా అలవరచుకుని, పర్దాలో ఉంటూనే పత్రిక నడిపారు. తెలుగులో కందుకూరి వీరేశలింగం గారి 'సతీహితబోధిని' 1883లోనే వచ్చింది. కాని ఇక్కడ సంపాదకులే స్త్రీ. గౌరవ కుటుంబపు స్త్రీ పేరు పత్రిక మీద అచ్చు కావడమే చాలామందికి మింగుడు పడలేదు. ఉచితంగా పంపిన ప్రతులు తిరుగు టపాలో వచ్చేవి. కొన్నింటి మీద బూతులు రాసి ఉండేవి! అవి రాసినవారు అక్షరం ముక్క రానివారు కాదు, చదువుకున్న పెద్దమనుషులే. మూడు నెలలు గడిచేసరికి చందాదారులు అరవై, డెబ్బై మందికి మించలేదు.

ఆమె పత్రిక ఆపలేదు. ఓటు హక్కు మాట ఆ పుటల్లో ఇంకా లేదు. పెళ్లిళ్లలో దుబారా ఖర్చులు, పిల్లల పెంపకం, ఇంటి లెక్కలు, ఆడపిల్లల చదువు గురించి అందులో రాసేవారు. అన్నిటికన్నా ముఖ్యం పాఠకురాళ్ల లేఖలు. సొంత పేరు చెప్పడానికి జంకి, ఫలానావారి కూతురు, ఫలానావారి తల్లి అని సంతకం చేసినవారే ఎక్కువ. ఇంటి గడప దాటని ఆ స్త్రీలు ఒకరి కష్టసుఖాలు ఒకరు తెలుసుకున్నది ఈ పుటల్లోనే. హైదరాబాదుకు చెందిన సొగ్రా హుమాయూన్ మీర్జా కూడా తరువాత ఇందులో రాశారు. ఆమె ఆపైన 'అన్నిసా' అనే పత్రిక స్వయంగా నడిపారు.

పత్రికతో పాటు ముహమ్మదీ బేగం కొత్త కోడళ్లకు 'రఫీకె అరూస్', గృహ నిర్వహణపై 'ఖానాదారీ' వంటి పుస్తకాలూ, నవలలూ రాశారు. 1908 నవంబరులో సిమ్లాలో మరణించారు. వయసు ముప్ఫై ఏళ్లే. (ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.) కొడుకు ఇంతియాజ్‌కు అప్పుడు ఎనిమిదేళ్లు.

పత్రిక మాత్రం ఆగలేదు. సవతి కూతురు వహీదా బేగం సంపాదకత్వం చేపట్టారు. పెద్దయ్యాక ఇంతియాజ్ కూడా తల్లి కుర్చీలో కూర్చున్నారు. అలా దాదాపు యాభై ఏళ్లు 'తహ్‌జీబె నిస్వాన్' లాహోరు నుండి ఇళ్లకు చేరుతూనే వచ్చింది.