కుక్కబొమ్మ చిత్రకారుడు: ఫ్రాన్సిస్ బరౌడ్ జీవితము

మన కృష్ణా మండలపు పెద్దలలో గ్రామఫోను పెట్టె నెరుగనివా రరుదు. బెజవాడ, బందరు, గుడివాడ పట్టణములయందును, చుట్టుపట్ల పల్లెలయందును, కలిగినవారు దానిని వసారాలో బల్లమీద నుంచి, పిడి త్రిప్పి కీ యిచ్చి, ఇరుగుపొరుగువారిని గూర్చుండబెట్టి నాటకపద్యములు వినిపించుచుండెడివారు. ఆ నల్లని పలకల నడుమ నంటించిన కాగితముపై నొక చిన్న బొమ్మ యుండెడిది. తెల్లని కుక్క యొకటి ఇత్తడి బాకా యెదుట గూర్చుండి, తల నొక ప్రక్కకు వంచి, చెవి యొగ్గి వినుచుండును. అక్షరము రానివారు సైతము ఆ గుర్తును బట్టి కుక్కబొమ్మ ప్లేటని యంగడిలో నడిగి తీసికొనెడివారు.

ఆ కుక్క కేవల కల్పితము కాదు. అది నిజముగా జీవించి, ఒక యింటివారి ప్రేమను చూరగొని, మరణించినది. మరణించిన మూడేండ్లకు దాని నొక చిత్రకారుడు జ్ఞప్తికి దెచ్చుకొని చిత్రించెను. ఆ చిత్రము నెరుగనివారు లేరు. చిత్రకారుని పేరెరిగినవారు కొలదిమంది. కావున ఆయన చరిత్రమును మన విద్యార్థులకు సంగ్రహముగా దెలుపుచున్నాను.

ఫ్రాన్సిస్ జేమ్సు బరౌడ్ 1856వ సంవత్సరము జూన్ 16వ తేదీన లండను నగరమున జన్మించెను. ఆయన పూర్వులు ఫ్రాన్సు దేశమున ప్రొటెస్టెంటు మతము నవలంబించి, ఆ కారణమున స్వదేశమును విడిచి ఇంగ్లండు చేరినవారు. ఆ వంశమున పేరుగన్న గడియారపు పనివారుండిరి. తండ్రియగు హెన్రీ బరౌడ్, పినతండ్రి పెదతండ్రుల వరుసలోని విలియం బరౌడ్, ఇరువురును గుఱ్ఱములను, కుక్కలను చిత్రించుటలో ప్రసిద్ధులు. దేవాలయమున స్తుతిగీతము పాడు బాలురను జూపుచు హెన్రీ వ్రాసిన చిత్రము ఆ దేశమున ఇంటింట నచ్చుప్రతులుగా వ్రేలాడెను. ఇట్టి యింట బుట్టిన ఫ్రాన్సిస్ కుంచెను చేపట్టుట వింత కాదు. ఆయన లండనులోని రాయల్ అకాడమీ పాఠశాలలోను, పిమ్మట బెల్జియము దేశపు ఆంట్వర్పు నగరములోను చిత్రకళ నభ్యసించి, దానినే వృత్తిగా గొనెను. ఆయన చిత్రములు ప్రదర్శనములయందు చోటు సంపాదించినవి. కాని వానివలన గొప్ప ధనము గాని, గొప్ప ఖ్యాతి గాని రాలేదు.

ఆయన సోదరుడగు మార్కు హెన్రీ బ్రిస్టలు నగరమున నాటకశాలలకు తెరలు చిత్రించుచుండెను. 1884 ప్రాంతమున బ్రిస్టలులో బుట్టిన యొక కుక్కపిల్ల ఆయన యింట జేరెను. అది టెరియరు జాతిది. శుద్ధజాతి మాత్రము కాదు, కొంత సంకరము. ఒడలు తెలుపు, చెవులు నలుపు. వచ్చిన యతిథుల పిక్కలను వెనుకనుండి మెల్లగా కొరుకు నలవాటుండుటచే, దానికి నిప్పర్, అనగా కొరుకునది, అని పేరిడిరి. ఎలుకలను దరుముటయందును, తనకంటె బెద్ద కుక్కలతో కలహించుటయందును దానికి మిక్కిలి యుత్సాహము. చూచువారు మెచ్చదగిన సొగసు దానియందు లేదు. ఇంటివారు మాత్రము దానిని ప్రాణముగా జూచుకొనిరి.

1887లో మార్కు అకాలమరణము నొందెను. ఆయన కుటుంబమునకు మిగిల్చిన ధన మేమియు లేదు. అప్పుడు ఫ్రాన్సిస్ ఆ కుక్కను తనవెంట లివర్పూలునకు దీసికొనిపోయెను. సోదరుడు పోయిన పిదప వాని యింటినుండి తెచ్చుకొనిన ప్రాణి యది. దానిని జూచినప్పుడెల్ల ఆయనకు సోదరుడు గుర్తునకు వచ్చి యుండునని మనము తలచుట తప్పుగాదు.

ఆ కాలమున ఫోనోగ్రాఫు అను యంత్రము క్రొత్తది. దానిని అమెరికా దేశస్థుడగు ఎడిసన్ 1877లో కనిపెట్టెను. తరువాత వచ్చిన ఫోనోగ్రాఫులలో మైనపు గొట్టము గుండ్రముగా దిరుగుచుండగా, సన్నని ములికి శబ్దముయొక్క కంపమును దానిపై గీతగా జెక్కును. మరల నా గీతవెంబడి ములికిని నడిపినచో బాకానుండి యా శబ్దమే వెలువడును. పాటను వినుటయే గాక, ఇంటివారు తమ కంఠమును తామే దానిలో నింపుకొనుటకు వీలుండెను. అట్టి యంత్రము ఫ్రాన్సిస్ యింట నొకటి యుండెను. అది మ్రోగినప్పుడెల్ల నిప్పర్ దాని బాకా యెదుటకు వచ్చి నిలిచి, ఈ ధ్వని యెక్కడనుండి వచ్చుచున్నదా యని తబ్బిబ్బగుచు తల వంచి యాలకించెడిది. చిత్రకారుని కన్ను దానిని గమనించినది. అప్పటికి కుంచె కదలలేదు. మనస్సు మాత్రము దానిని భద్రపరచుకొనెను.

కొంతకాలమునకు కుక్క మార్కు భార్యయొద్దకు, థేమ్సు నదీతీరమందలి కింగ్‌స్టన్ పట్టణమునకు, మరలిపోయెను. 1895 సెప్టెంబరులో అచ్చటనే మరణించెను. క్లారెన్సు వీథి చెంతనున్న తోటలో మల్బరీ చెట్టు క్రింద దానిని పూడ్చిరి. తరువాత నా స్థలమున బ్యాంకు భవనము లేచినది. 2010లో ఆ సమీపపు సందునకు నిప్పర్ పేరే పెట్టిరి.

1898లో, తనకు నలువది రెండేండ్ల ప్రాయమున, ఫ్రాన్సిస్ ఆ కుక్కను చిత్రించెను. నున్నని బల్లపై నల్లని బాకాగల ఫోనోగ్రాఫు. దాని యెదుట నిప్పర్. ఇచ్చట మనము గమనింపవలసిన విశేష మొకటి గలదు. అంతకు పూర్వము 1837లో లాండ్సీరు అను ప్రసిద్ధ చిత్రకారుడు గొఱ్ఱెలకాపరి శవపేటికపై గడ్డ మానించి శోకించు కుక్కను జూపెను. చూచినవారి కన్నులు చెమర్చుననుటకు సందేహము లేదు. బరౌడ్ అట్టి శోకమును జూపలేదు. తాను కన్నులార జూచినదానిని, వంగిన తలను, నిక్కిన చెవిని, తెలియక తెలిసికొనగోరు నా చూపును మాత్రమే చిత్రించెను. తన దుఃఖమును కుక్క మొగమునకు పులుమలేదు. అందుచేతనే యా బొమ్మ నేటికిని బ్రదికియున్నది.

1899 ఫిబ్రవరి 11వ తేదీన చిత్రముపై హక్కు నమోదునకు ఆయన దరఖాస్తు పెట్టెను. పిదప గడపగడపకును తిరుగవలసి వచ్చెను. రాయల్ అకాడమీవారు చిత్రమును ప్రదర్శనమునకు దీసికొనలేదు. పత్రికలవారు ఆ కుక్క యేమి చేయుచున్నదో చూచువారికి బోధపడదనిరి. ఫోనోగ్రాఫులు విక్రయించు నొక సంస్థవారు కుక్కలు ఫోనోగ్రాఫు వినవని త్రోసిపుచ్చిరి. తాను కన్నులార జూచినదానిని జరుగదని చెప్పువారికి ఏమని బదులు చెప్పగలడు? చిత్రమును ప్రక్క కుంచెను.

అంతట నొక మిత్రుడు, నల్లని బాకాకు బదులు మెరయు ఇత్తడి బాకాను చిత్రించినచో బొమ్మ కళకట్టునని సూచించెను. ఫ్రాన్సిస్ బొమ్మయొక్క ఫోటోను చేతబట్టుకొని, బాకాను ఎరువు దెచ్చుకొనుటకై లండనులోని గ్రామఫోను కంపెనీకి బోయెను. గ్రామఫోను బెర్లినర్ అను నాతడు కల్పించిన వేరొక యంత్రము. దానికి గొట్టము గాక చదునైన పలక యుండును. కంపెనీ యధికారియగు విలియం బారీ ఓవెన్ ఫోటోను జూచి, బాకా యిచ్చుటయే గాక, ఫోనోగ్రాఫును చెరిపి తమ గ్రామఫోనును చిత్రించినచో బొమ్మనే కొందుమని తెలిపెను. చిత్రమునకు 50 పౌనులు, సర్వహక్కులకు 50 పౌనులు, వెరసి 100 పౌనులకు బేరము కుదిరెను. 1899 శరత్కాలమున ఫ్రాన్సిస్ పాత యంత్రముపై క్రొత్త యంత్రమును చిత్రించి యిచ్చెను. అసలు చిత్రమును వెలుతురున కొక కోణమున నిలిపి చూచినచో, క్రిందనున్న పాత ఫోనోగ్రాఫు రూపురేఖ నేటికిని కనబడుననుచున్నారు.

ఈ మార్పుతో నష్టమైన దొకటి గలదు. చిత్రము పేరు యజమాని కంఠస్వరము. ఫోనోగ్రాఫున నింటి యజమాని తన మాటను తానే నింపవచ్చును గాన, కుక్క దానిని విని చకితమగుట సహజము. గ్రామఫోను పలకలో నింటివారు తమ మాటను నింపలేరు. కంపెనీవా రమ్మిన పాటయే వినవలయును. పేరులోని యర్థము కొంత చెదరినది. కుటుంబ పోషణకు వలసిన ధనమునకై చిత్రకారుడు దీని కొడబడెను. ఇందుకు మన మాయనను నిందింపరాదు. కుక్కను మాత్రము ఆయన ముట్టలేదు. అది తొలుత నెట్లున్నదో యట్లే నిలిచినది.

1900లో కంపెనీ ప్రకటనలయందు బొమ్మ వెలువడెను. అమెరికాలో విక్టరు కంపెనీ దానిని తన గుర్తుగా గైకొనెను. ఇంగ్లండులో 1909 మొదలు పలకలపై నచ్చయ్యెను. 1908లో కలకత్తాలో పలకల కర్మాగారము వెలసినందున, హిజ్ మాస్టర్స్ వాయిస్ అను పేరుతో నా బొమ్మ మన దేశమంతట వ్యాపించెను. మన తెలుగు నటుల పద్యములు, గాయకుల కీర్తనలు ఆ కుక్క సమక్షముననే మ్రోగినవి. గుడివాడ చెంత చౌటపల్లిలో 1922లో జన్మించిన ఘంటసాల వేంకటేశ్వరరావు గారు గానము చేసిన భగవద్గీత, ఆయన మరణించిన 1974వ సంవత్సరమున, ఆ సంస్థద్వారానే వెలువడి ఇంటింట వినబడెను.

బరౌడ్ శేషజీవితము విచిత్రమైనది. 1913 మొదలుకొని కంపెనీలవారు అదే చిత్రమునకు ప్రతులు వ్రాయుమని యాయనను గోరిరి. మరణించులోపల నిరువదినాలుగు ప్రతులు వ్రాసెను. వేరు చిత్రముల కెవ్వరును రాలేదని కొంద రాయనను జాలిగా దలతురు. కాని తాను ప్రేమించిన ప్రాణియొక్క మొగమును ఇరువదినాలుగు మారులు తన చేతితో దిద్దుట కేవలము దండన యని తలపరాదు. 1919లో కంపెనీలవారు సంవత్సరమునకు 250 పౌనుల భృతి నేర్పరచి, పిదప దానిని 350కి హెచ్చించిరి. 1924 ఆగస్టు 29వ తేదీన, అరువది యెనిమిదవ యేట, ఆయన కన్నుమూసెను.

ఈ చిత్రముగూర్చి యొక కట్టుకథ వ్యాపించియున్నది. కుక్క కూర్చున్న నున్నని బల్ల యజమాని శవపేటిక యనియు, బాకానుండి వచ్చునది మృతుడైన మార్కు కంఠమనియు చెప్పుదురు. దీని కాధారము లేదు. ధర్మరాజు వెంట కడదాక నడచిన కుక్క కథ వినిన మనకు ఇట్టి కథ నమ్మబుద్ధి పుట్టుట సహజమే. అయినను సత్య మింతకంటె దక్కువది కాదు. సోదరుడు పోయెను; వాని కుక్కను దెచ్చి సాకెను; అదియు పోయెను; దాని తీరు మరువక చిత్రించెను. ఇంతకు మించిన యలంకార మక్కరలేదు.

విద్యార్థులారా! చిత్రలేఖనపు తరగతిలో మీలో పలువురు పుస్తకమందలి బొమ్మను జూచి గీయుటయే కళ యని తలచుచున్నారు. కొండపల్లి పనివాడు తెల్లపొణికి కొయ్యపై తాడిచెట్టెక్కు గీతవానిని చెక్కునప్పుడు, గీతవాని నెదుట నిలుపుకొనడు. చిన్ననాటినుండి చూచిన చూపే వాని చేతిలో పనిచేయును. మీ వీథులలోను కుక్కలు గలవు. ఎండకాలమున చలివేంద్రపు కుండక్రింద తడియిసుకలో ముడుచుకొని పండుకొను కుక్క, కాలువగట్టుమీద బండినీడన నడచు కుక్క, బడి విడుచువేళకు వాకిట గాచియుండు కుక్క. రాయి విసరుటకు ముందు దాని నొకమారు పరికించి చూడుడు. అది తల యెట్లు వంచునో, చెవి యెట్లు నిక్కించునో మనసున నిలుపుకొనుడు. అది పోయిన నాడు మీ చేతిలో పెన్సిలు ముక్కయు, ఎదలో నా చూపును మిగిలియున్నచో, అది పూర్తిగా పోయినట్లు కాదు.