వెదురు విమానం, యాభై కిలోల మనిషి

బస్తర్ సంతలకు అటవీ గ్రామాల నుంచి సరుకు చేరవేసే కావడికి వెదురు బద్దనే వాడతారు. గట్టి కలపకు ఆ అడవుల్లో కొరత లేదు. టేకు ఉంది, సాలవృక్షం ఉంది. అయినా భుజానికెత్తుకునేది వెదురునే. బద్ద బరువు పెరిగినకొద్దీ బుట్టల్లో ధాన్యం తగ్గించుకోవలసి వస్తుందన్న లెక్కను అక్కడ ఒకరు మరొకరికి నేర్పనక్కరలేదు. నూట పదిహేనేళ్లకు పూర్వం పారిస్ నగరంలో ఒక బ్రెజిల్ దేశీయుడు ఇదే లెక్కను ఆకాశానికి వర్తింపజేశారు. ఎన్నో ప్రయోగాల తరువాత ఆయన చేయి కూడా వెదురు మీదికే వెళ్లింది.

ఆయన పేరు అల్బెర్టో సాంటోస్ డ్యూమోంట్. 1873 జూలై 20న బ్రెజిల్‌లోని మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో జన్మించారు. తండ్రి హెన్రిక్ డ్యూమోంట్ వృత్తిరీత్యా ఇంజనీరు; కాఫీ తోటల సాగులోకి దిగి ఆ దేశపు సంపన్నుల్లో ఒకరయ్యారు. తోటలో గింజలను శుభ్రపరిచే యంత్రాలు, సరుకు తరలించేందుకు సొంత రైలుమార్గం ఉండేవి. పన్నెండేళ్ల ప్రాయానికే అల్బెర్టో రైలింజను నడిపారు. ముందుకూ వెనక్కూ ఊగే జల్లెడలు తరచూ చెడిపోతుండగా, గుండ్రంగా తిరిగే భాగాలు ఎక్కువకాలం మన్నుతున్నాయని ఆ వయసులోనే గమనించారు. జూల్ వెర్న్ నవలలు చదివి ఊహల్లో విహరించడంతో పాటు యంత్రంలో ఏది ముందు విరుగుతుందో చూసే అలవాటు ఆయనకు అక్కడే అబ్బింది.

గుర్రపు బండి నుంచి పడి పక్షవాతానికి గురైన తండ్రి చికిత్స కోసం 1891లో ఆ కుటుంబం పారిస్ చేరింది. అక్కడి ఒక ప్రదర్శనలో పెట్రోలు ఇంజను తిరగడం చూసి ఆ యువకుడు అక్కడే నిలిచిపోయారు. ఆవిరి యంత్రానికి బొగ్గు, నీరు, బాయిలరు కావాలి. ఇది చిన్నది, తనంత తానుగా తిరుగుతున్నది. మరుసటి సంవత్సరం తండ్రి ఆయనకు ఆస్తిలో వాటా ఇచ్చి, పట్టాల కోసం పాకులాడకుండా యంత్రశాస్త్రం నేర్చుకోమని పారిస్ పంపారు. కొద్ది నెలలకే ఆ తండ్రి కన్నుమూశారు.

డ్యూమోంట్ పొట్టి మనిషి. బరువు యాభై కిలోలు. ఈ దేహపరిమాణమే ఆయన యంత్రనిర్మాణానికి తొలి కొలమానమైంది. 1898లో సొంత బెలూన్ కోరుతూ నిపుణులైన తయారీదారులను ఆశ్రయించినప్పుడు, ఆయన చెప్పిన కొలతలు వినడానికే వారు ఒప్పుకోలేదు. నాటి బెలూన్లు వందలాది ఘనపు మీటర్ల వాయువుతో నిండేవి. ఈయన అడిగింది 113 ఘనపు మీటర్లది. అందులోనూ పలుచని జపాన్ పట్టుతో. ఘనపు మీటరు హైడ్రోజన్ కిలోకు కాస్త పైబడిన బరువును మాత్రమే ఎత్తగలదు. కాబట్టి 113 ఘనపు మీటర్లతో ఎగరాలంటే మిగిలినదంతా తగ్గాలి. వార్నిష్ పూసిన తరువాత కూడా పట్టు గుడ్డ బరువు 14 కిలోలకు పరిమితమైంది. ముప్పై కిలోలు తూగే బుట్ట స్థానంలో ఆరు కిలోల బుట్ట వచ్చింది. 'బ్రెజిల్' అని పేరు పెట్టుకున్న ఆ బెలూన్ 1898 జూలై 4న పైకి లేచింది. పలుచని పట్టు చిరిగిపోతుందన్న నిపుణుల భయం నిజం కాలేదు.

గాలి ఎటు వీస్తే అటు పోవడం ఆయనకు రుచించలేదు. ఇంజను బిగించాలి. నాటి పారిస్‌లో దొరికే తేలికైన పెట్రోలు ఇంజన్లు మూడు చక్రాల మోటారు బండ్లవి. అటువంటి రెండు ఇంజన్ల సిలిండర్లను ఒకదానిపై ఒకటి నిలిపి, మూడున్నర అశ్వశక్తుల ఇంజను ఒకటి కూర్చారు. దాని బరువు 30 కిలోలు. నేల మీద అది ఎంతగా కంపిస్తుందో తెలుసు. గాలిలో వేలాడుతూ ఎలా ప్రవర్తిస్తుందో తెలియదు. అందుకని మోటారు బండిని ఒక ఉద్యానవనంలో చెట్టుకొమ్మకు తాళ్లతో వేలాడదీసి, ఎక్కి కూర్చుని, ఇంజను నడిపి చూసుకున్నారు. ప్రయోగశాల లేనివాడి ప్రయోగమిది. దీనికన్నా చవకగా అంత ముఖ్యమైన సంగతి తెలుసుకున్న శాస్త్రవేత్తలు అరుదు. హైడ్రోజన్ సంచి కింద నిప్పురవ్వలు చిమ్మే ఇంజను పెట్టుకోవడం ఆత్మహత్యాసదృశమని అందరూ వారించినా, 1898 సెప్టెంబరు 20న ఆయన మొదటి వాయునౌక ఎగిరింది.

తరువాతి మూడేళ్లలో నౌక తరువాత నౌక. 1901 ఆగస్టులో అయిదవది ఒక హోటలు పైకప్పు మీద కూలి చీలికలైంది. ఆయన ప్రాణాలతో బయటపడి, ఆరవదాని పని మొదలుపెట్టించారు. అదే సంవత్సరం అక్టోబరు 19న సాన్ క్లూ నుంచి బయలుదేరి ఐఫిల్ గోపురాన్ని చుట్టి అరగంటలో తిరిగి వచ్చి లక్ష ఫ్రాంకుల పురస్కారాన్ని గెలుచుకున్నారు. నిర్ణీత సమయంపై నిర్ణేతలు కొంత తర్జనభర్జన పడినా, చివరకు బహుమతి ఆయనకే దక్కింది. అందులో అధిక భాగం పారిస్ పేదలకు, మిగిలినది తన పనివారికి పంచిపెట్టారు. కుదువపెట్టిన పనిముట్లు విడిపించుకుని ఎందరో కార్మికులు మళ్లీ పనిలో చేరగలిగారు. పారిస్ ఆయనను నెత్తిన పెట్టుకుంది. 1903లో తొమ్మిదవ వాయునౌకను ఇంటి ముందు వీధిలో దింపి లోపలికి వెళ్లేంత మచ్చికైంది ఆయనకు ఆకాశం. దాని ఇంజను బరువు 12 కిలోలు.

గాలికన్నా తేలికైన సంచి ఎత్తిపెట్టే నౌక వేరు, గాలికన్నా బరువైన విమానం వేరు. విమానంలో ప్రతి కిలోకూ లెక్క చెప్పాలి. రెక్కలు, చక్రాలు, ఇంజను కలిసినది ఖాళీ బరువు. రెక్కలు ఎత్తగలిగిన మొత్తంలోంచి దానిని తీసివేస్తే మిగిలేదే మనిషికి, ఇంధనానికి, సామానుకు దక్కే భాగం. ఇంజను పది కిలోలు పెరిగితే నష్టం పది కిలోలతో ఆగదు. దానిని మోసే చట్రం బలపడాలి, చక్రాలు బలపడాలి, ఇంధనం పెరగాలి. ముక్కు బరువెక్కితే సమతూకం తప్పుతుంది. 2020 సెప్టెంబరులో హైదరాబాద్, జగదల్‌పూర్, రాయ్‌పూర్‌లను కలుపుతూ మొదలైన విమాన సర్వీసులోనూ ప్రయాణికుల సంచులను తూచేది ఈ లెక్క కోసమే. ఎండ మండేకొద్దీ గాలి పలుచబడి రెక్కలకు పట్టు తగ్గుతుంది కనుక, వేసవి మధ్యాహ్నం ఆ లెక్క మరింత బిగుసుకుంటుంది. ఇంటి పెరట్లో సొంతంగా విమానం కట్టుకునేవారికి ఇది మరీ కఠినం. వారి యంత్రంలో మిగులు కొద్దిగానే ఉంటుంది.

అమెరికాలో రైట్ సోదరులు ఈ చిక్కును మునుపే ఎదుర్కొన్నారు. తగినంత తేలికైన ఇంజను సరఫరా చేసే కంపెనీ దొరకక, తమ దుకాణంలోని మెకానిక్ చార్లీ టేలర్ చేత 12 అశ్వశక్తుల ఇంజను తయారు చేయించారు. అది దాదాపు 80 కిలోలు తూగింది. 1903 డిసెంబరు 17న వారు ఎగిరారు. ఆ సంగతి ఐరోపాలో చాలామంది నమ్మలేదు. డ్యూమోంట్‌కు అదృష్టవశాత్తు లెవావసర్ అనే ఫ్రెంచి ఇంజనీరు పడవ పందాల కోసం రూపొందించిన ఆంత్వానెత్ ఇంజను అందుబాటులోకి వచ్చింది. ఒక్కో అశ్వశక్తికి దాని బరువు సుమారు రెండు కిలోలు మాత్రమే. రైట్ సోదరుల ఇంజనులో అది ఆరున్నర కిలోల పైమాటే. '14-బిస్' అనే తన విమానానికి మొదట 24 అశ్వశక్తుల ఇంజను బిగించారు, చాలలేదు. 50 అశ్వశక్తులది బిగించారు. 1906 అక్టోబరు 23న పారిస్‌లోని బగతెల్ మైదానంలో జనసమూహం చూస్తుండగా అది దాదాపు 60 మీటర్లు ఎగిరింది. నవంబరు 12న 220 మీటర్లు. తొలి విమానం ఎవరిదన్న వివాదం బ్రెజిల్‌లో నేటికీ చల్లారలేదు. తేదీలు చూస్తే రైట్ సోదరులే ముందున్నారు. అయితే డ్యూమోంట్ అసలైన ఘనకార్యం 14-బిస్ కాదు, ఆ తరువాతిది.

1907 చివరలో ఆయన చేతి నుంచి ఒక బుల్లి విమానం వెలువడింది. రెక్కల పొడవు అయిదు మీటర్ల పైచిలుకు. వెన్నెముకగా వెదురు బొంగులు. రెక్కల మీద పట్టు. ఎదురెదురుగా అమర్చిన రెండు సిలిండర్ల ఇంజను. ఒకటి ఇటు తన్నితే రెండవది అటు తన్ని కుదుపును చంపుకుంటాయి, అందువల్ల బరువైన చట్రం అక్కరలేదు. దానికి దెమ్వాజెల్ అనే పేరు స్థిరపడింది. ఫ్రెంచి భాషలో యువతి అనీ, తూనీగను పోలిన కీటకమనీ ఆ పదానికి అర్థాలు. 1909 నాటికి మెరుగులు దిద్దుకున్న ఆ విమానం ఖాళీ బరువు నూరు కిలోల చుట్టుపక్కల ఉండేది. నడిపే మనిషి ఇంజను కింద, చక్రాల మధ్య కూర్చోవాలి. రెక్కలను మెలితిప్పే తీగలు ఆయన దుస్తుల వెనుక భాగానికి తగిలించి ఉండేవి. ఎటు ఒరిగితే విమానం అటు స్పందించేది. ఆ సెప్టెంబరులో సాన్ సీర్ నుంచి బుక్ వరకు ఎనిమిది కిలోమీటర్లు అయిదు నిమిషాల్లో చేరుకున్నారు. పని ముగిశాక దానిని మోటారుకారు వెనుక వేసుకుని తీసుకుపోవచ్చు.

ఆ విమానంపై ఆయన ఎవరినీ హక్కు రుసుము అడగలేదు. నమూనా చిత్రాలు ఎవరైనా వాడుకోవచ్చునన్నారు. 1910 జూన్, జూలై నెలల్లో అమెరికాలోని పాపులర్ మెకానిక్స్ పత్రిక వాటిని వివరంగా అచ్చువేసింది. వడ్రంగం తెలిసి, ఇంజను కొనగల స్తోమత ఉన్న ఎవరైనా విమానం కట్టుకోవచ్చునన్న ఆలోచన అంత బహిరంగంగా ప్రజల ముందుకు రావడం అదే ప్రథమం. రైట్ సోదరులు పేటెంటు వ్యాజ్యాలలో తలమునకలై ఉన్న రోజులవి. ఫ్రాన్స్‌లో క్లెమాన్ బయార్ సంస్థ దెమ్వాజెల్ విమానాలు తయారుచేసింది. అమ్మకాలు ఆశించినంతగా సాగలేదు. యాభై కిలోల మనిషికి కుట్టిన చొక్కా అందరికీ పట్టదు కదా.

ఆ చొక్కా సరిపోయిన యువకుల్లో రొలాన్ గారోస్ ఒకరు. ఎగరడం ఆయనకు దెమ్వాజెల్ మీదే అలవడింది. అదే గారోస్ 1915 ఏప్రిల్‌లో, మొదటి ప్రపంచ యుద్ధంలో, తిరుగుతున్న ప్రొపెల్లరు రెక్కల నడుమ నుంచి ముందుకు కాల్చే మరతుపాకీని విమానానికి అమర్చుకుని శత్రు విమానాలను కూల్చారు. ఇంజన్లు బలపడ్డాయి, బరువు తగ్గింది, మోయగలిగిన భారం పెరిగింది. ఆ మిగులులోకి తుపాకులు, బాంబులు వచ్చి చేరాయి.

అప్పటికి డ్యూమోంట్ ఎగరడం మానేశారు. 1910 జనవరిలో జరిగిన ప్రమాదం తరువాత ఆయన మళ్లీ విమానం నడపలేదు. చూపు మసకబారడం, తల తిరగడం మొదలయ్యాయి. వైద్యులు నయం కాని నరాల వ్యాధి అన్నారు. 1914లో సముద్రతీరంలోని ఇంటి నుంచి దూరదర్శినితో నక్షత్రాలు చూస్తుంటే, జర్మన్ గూఢచారి అని ఇరుగుపొరుగు అనుమానించి ఫిర్యాదు చేశారు. ఆ అవమానంతో ఆయన తన పత్రాలను, చిత్రాలను దగ్ధం చేశారు. విమానయాన చరిత్రకు అది తీరని నష్టం. బ్రెజిల్ తిరిగి వెళ్లి పెత్రోపొలిస్ కొండల్లో ఒక చిన్న ఇల్లు కట్టుకున్నారు. దాని మెట్లను సగం సగం కోసి, ఎక్కేవారు తప్పనిసరిగా కుడికాలు ముందు పెట్టేలా అమర్చారు. ఆ ఇల్లు నేడు మ్యూజియం.

యుద్ధంలో విమానాల వినియోగాన్ని నిషేధించాలని 1926లో నానాజాతి సమితికి విజ్ఞప్తి చేశారు. ఫలితం లేకపోయింది. 1928 డిసెంబరు 3న ఆయన ఓడలో రియో డి జనీరో చేరుతుండగా, స్వాగతం పలికేందుకు మిత్రులు, శాస్త్రవేత్తలతో వచ్చిన నీటి విమానం ఆయన కళ్ల ముందే సముద్రంలో కూలింది. అందులోని వారెవరూ దక్కలేదు. ఉత్సవాలు రద్దు చేయించి, అంత్యక్రియలకు హాజరయ్యారు.

1932 జూలైలో సావో పాలో రాష్ట్రం కేంద్ర ప్రభుత్వంపై తిరుగుబాటు చేసింది. అణచివేతకు ప్రభుత్వం విమానాలను వినియోగించింది. సొంత దేశస్థుల మీదే బాంబులు పడ్డాయి. డ్యూమోంట్ అప్పుడు ఆ రాష్ట్రంలోనే, గువారుజా తీరంలోని ఒక హోటల్లో ఉన్నారు. జూలై 23న తన ప్రాణం తానే తీసుకున్నారు. వయసు 59. మరణకారణాన్ని బ్రెజిల్ అధికారులు చాలాకాలం బయటపెట్టలేదు.

ఆయన మరణించిన మూడు దశాబ్దాలకు, 1910 నాటి విమాన పందెం కథతో బ్రిటన్‌లో ఒక హాస్య చలనచిత్రం తీశారు. దాని కోసం దెమ్వాజెల్ నమూనాను కొత్తగా నిర్మించి, ఫోక్స్‌వాగన్ కారు ఇంజను ఆధారంగా చేసిన ఇంజను బిగించారు. విమానం నేలను సరిగా వదలలేదు. ఆ తరువాత దానిని జోన్ హ్యూస్‌కు అప్పగించారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైనిక విమానాలను ఒకచోటి నుంచి మరొకచోటికి చేరవేసిన అనుభవం గల మహిళా పైలట్ ఆమె. పొట్టి మనిషి, తక్కువ బరువు. ఆమె కూర్చున్నాక ఆ విమానం ఎగిరింది.