రాబర్టు హోప్-జోన్సు చరిత్రము

దేవాలయమున ఆర్గను నాదమును వినినవారు అది ఆరాధనకే యేర్పడిన వాద్యమని తలంతురు. దానిని చలనచిత్ర ప్రదర్శనశాలకు యోగ్యముగ మార్చి, పెక్కు వాద్యముల మేళమును ఒక్క వాదకుని చేతిలో నుంచిన శిల్పి రాబర్టు హోప్-జోన్సు. ఆయన చరిత్రము విద్యార్థులు తెలిసికొనదగినది.

ఈయన 1859 వ సంవత్సరము ఫిబ్రవరి 9 వ తేదీని ఇంగ్లండు దేశమందలి చెషైరు మండలమున జన్మించెను. చిన్ననాటనే సంగీతమం దాసక్తి గలవాడై దేవాలయమున ఆర్గను వాయించుచుండెను. జీవనోపాధికై టెలిఫోను కంపెనీలో జేరి, విద్యుత్తు పనులకు ప్రధానోద్యోగి యయ్యెను. ఉద్యోగమున నేర్చిన విద్యయే ఆయన సంగీతమునకు తోడయ్యెను.

ఆ కాలపు ఆర్గనులలో మెట్టు నొక్కినప్పుడు కఱ్ఱపుల్లలును తీగెలును కదలి గొట్టము క్రింది మూతను తెఱచెడివి. వాద్యము పెద్దదైన కొలది మెట్లు బరువెక్కి వ్రేళ్లు నొచ్చెడివి. హోప్-జోన్సు వానికి బదులుగ విద్యుత్తీగెల నమర్చెను. మెట్టు నొక్కగనే విద్యుత్తు పాఱి చిన్న అయస్కాంతమునకు శక్తి నిచ్చును. అది గాలిద్వారమును తెఱచును. 1886 ప్రాంతమున బర్కెన్‌హెడ్డు పట్టణమందలి సెయింటు జాన్సు దేవాలయపు ఆర్గను నిట్లు మార్చి, మెట్లపీఠమును వెలుపలి యావరణమున నుంచి, లోపలి గొట్టములను మ్రోగించి చూపెను. 1896 లో వూస్టరు ప్రధానాలయమునకును ఆర్గను నిర్మించెను. కాని నూతన యంత్రములు తఱచు చెడుచుండెను. ధనవ్యవహారములందు ఆయనకు నేర్పు చాలకుండెను.

1903 లో అమెరికాకు వలసపోయి, 1907 లో ఎల్మైరా పట్టణమున సొంత కంపెనీని స్థాపించెను. ఒకే గొట్టముల వరుసను పలుస్థాయులలో, పలు మెట్లపలకలనుండి పలికించు పద్ధతి ఆయన ముఖ్యకృషి. 1910 లో ఆ కంపెనీ వుర్లిట్జరు వారి వశమయ్యెను. పూర్తికావచ్చిన వాద్యమును సైతము మరల మార్చబూనుట ఆయన యలవాటు. అందుచే యజమానులతో పొసగక, తన వాద్యములు తయారగు కర్మశాలలోనికే ప్రవేశము గోల్పోయెను. 1914 సెప్టెంబరు 13 వ తేదీని, 55 వ యేట, దుఃఖభారమునకు తాళలేక తనంతతానే ప్రాణము విడిచెను.

తరువాత వుర్లిట్జరు వారు రెండువేలకు పైగా ఇట్టి ఆర్గనులను నిర్మించిరి. మూగచిత్రములు ఆడుచుండగా వాన, ఉఱుము, గుఱ్ఱపుడెక్కల చప్పుడు, ఏడ్పు, నవ్వు అన్నియు వానిలో పలికెను. 1927 లో అమెరికాలో మాటలాడు చిత్రము వచ్చెను. మన తెలుగున 1932 లో భక్తప్రహ్లాద వెలువడెను. అంతట ఆర్గనులు మూగవోయెను. పెక్కింటిని విప్పి పాఱవేసిరి.

1955 లో అమెరికాలోని అభిమానులు సంఘముగ గూడి, మిగిలినవానిని కాపాడ బూనుకొనిరి. ఎండి పగిలిన తోలు మార్చి, గొట్టములు శుభ్రపఱచి, కొన్నిటిని పాఠశాలలకును దేవాలయములకును తరలించి, యువకులకు వాదనము నేర్పిరి. ఇంగ్లండునందలి బ్లాక్‌పూలు టవరులో వుర్లిట్జరు ఆర్గను నేటికిని మ్రోగుచున్నది.

బాలబాలికలారా! మన పద్యనాటకములకు శ్రుతినిచ్చిన హార్మోనియమును, అరకులోయలో థింసాకు తోడగు మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములును మనకు గలవు. పేటికలో దాచినంతమాత్రమున వాద్యము బ్రతుకదు. మీ పల్లెలలో వానిని వాయింప నేర్చిన పెద్దలున్నప్పుడే వారి సన్నిధిని గూర్చుండి నేర్చికొనుడు. నేర్చినదానిని మీ తమ్ములకును చెల్లెండ్రకును నేర్పుడు.