యంత్రహృదయం

నలోపాఖ్యానం చదివినవారికి ఋతుపర్ణ మహారాజు రథప్రయాణం గుర్తుండక మానదు. బాహుకుడనే మారుపేరుతో సారథ్యం చేస్తున్న నలుడు విదర్భకు రథాన్ని తోలుతున్నాడు. దారిలో రాజు ఉత్తరీయం జారిపోయింది. రథం ఆపి దానిని తెప్పించమని రాజు చెప్పేసరికే అది యోజనం దూరం వెనుకబడింది. ఆ వేగం గుర్రాలది మాత్రమే కాదు, అశ్వహృదయమనే విద్య నెరిగిన సారథిది కూడా. అదే ప్రయాణంలో ఋతుపర్ణుడు ఒక తాండ్రచెట్టును చూసి దానికి ఆకులెన్నో, కాయలెన్నో చెప్పాడు. నలుడు ఆ మాటను ఊరకే నమ్మలేదు. రథం దిగి, చెట్టును పడగొట్టి, లెక్కించి చూసిన తరువాతనే రాజు విద్యను అంగీకరించాడు.

ఇరవయ్యవ శతాబ్దం వచ్చేసరికి గుర్రాల స్థానాన్ని మోటారు ఆక్రమించింది. ఆ మోటారు హృదయాన్ని ఎవరో చెప్పగా నమ్మక, తన చేతులతో విప్పి, లెక్కించి తెలుసుకొన్న తెలుగువాడు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకం ఆయనను జి.డి. నాయుడు అని పిలిచింది. భారతదేశపు ఎడిసన్ అని కీర్తించింది.

విజయనగర రాజుల కాలంలోను, ఆ తరువాత నాయకరాజుల కాలంలోను తెలుగునాటి నుండి అనేక కుటుంబాలు దక్షిణానికి తరలిపోయాయి. కొంగునాటి నల్లరేగడి నేలలలో పత్తి పండిస్తూ స్థిరపడిన ఆ కుటుంబాలు ఇరుగుపొరుగుతో తమిళం మాట్లాడినా ఇంట తెలుగును విడిచిపెట్టలేదు. అటువంటి ఒక వ్యవసాయ కుటుంబంలో, కోయంబత్తూరుకు సమీపంలోని కలంగల్ గ్రామంలో 1893 మార్చి 23న నాయుడు జన్మించారు. పసితనంలోనే తల్లిని కోల్పోయారు. బడి ఆయనకు రుచించలేదు. ప్రాథమిక తరగతులతోనే ఆ చదువు ముగిసింది. అయితే చదువు మీద విముఖత వేరు, తెలుసుకోవడం మీద విముఖత వేరు. ఈ రెండింటికీ గల భేదాన్ని ఆయన జీవితమంతా నిరూపిస్తూనే వచ్చింది.

యౌవనారంభంలో ఒకనాడు పొలాల మధ్య దారిలో ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిలు మీద పోవడం ఆయన చూశారు. ఎద్దు లేదు, గుర్రం లేదు, మనిషి తొక్కడమూ లేదు, అయినా బండి పరుగెత్తుతున్నది. అది ఇంగ్లండులో తయారైన 1912 నాటి రడ్జ్ వాహనం. కావెంట్రీ నగరంలోని రడ్జ్ కంపెనీ అప్పటికి మోటారు సైకిళ్లు చేయడం కొత్తగా మొదలుపెట్టింది. 1914లో ఐల్ ఆఫ్ మాన్ ద్వీపంలో జరిగిన ప్రసిద్ధమైన సీనియర్ టి.టి. పందెంలో గెలిచింది రడ్జ్ వాహనమే. కలంగల్ యువకునికి ఈ పందెపు వార్తలు తెలిసే అవకాశం లేదు. ఆయనకు తెలిసినదల్లా ఆ వాహనం తనకు కావాలన్నదే. కోయంబత్తూరు వెళ్లి ఒక హోటలులో పనివానిగా చేరారు. వడ్డనలు చేస్తూ, జీతంలో మిగిల్చినది కూడబెట్టి, కొన్ని సంవత్సరాల తరువాత ఆ అధికారి వద్దనే ఆ బండిని కొన్నారు. కొని చేసిన మొదటి పని దాని మీద ఊరేగడం కాదు. దాని మరలన్నీ ఊడదీయడం, తిరిగి బిగించడం. నలుడు చెట్టును పడగొట్టి ఆకులు లెక్కపెట్టినట్లే ఈయన ఇంజనును విప్పి మరలు లెక్కపెట్టారు.

సరిగ్గా ఆ రోజులలోనే ఫ్రాన్సు దేశంలో మరొక యువకుడు మోటారు వేగాన్ని మరొక విధంగా పట్టుకొనే ప్రయత్నంలో ఉన్నాడు. అతని పేరు జాక్ హెన్రీ లార్టీగ్. నాయుడుగారికంటె ఒక్క సంవత్సరం చిన్నవాడు, 1894లో పుట్టాడు. సంపన్నుల బిడ్డ కావడంతో పసితనంలోనే తండ్రి కెమెరా కొనిచ్చాడు. ఫ్రెంచి గ్రాండ్ ప్రీ పందెంలో దూసుకుపోతున్న కారును అతడు కెమెరాను దానితోపాటు తిప్పుతూ ఛాయాచిత్రం తీశాడు. ఆ కాలపు కెమెరాలలో షట్టరు ఒక సన్నని చీలిక. ఆ చీలిక పలక మీదుగా జరిగేకొద్దీ చిత్రం అంచెలంచెలుగా పడుతుంది. ఒక అంచె పడి మరొక అంచె పడేలోగా కారు ముందుకు జరిగిపోవడంతో గుండ్రని చక్రం కోడిగుడ్డు ఆకారంలో ముందుకు వాలింది. కెమెరా తిరుగుతున్నందువల్ల ఒడ్డున నిలిచిన జనం, స్తంభాలు వెనుకకు వాలినట్లు కనిపించాయి. కారు సగమే పడిందని ఆ చిత్రం విఫలమైనదని లార్టీగ్ భావించి పక్కన పెట్టాడు. అతడు దాని కింద 1912 అని రాసుకొన్నా అది 1913 నాటి పందెమని తరువాతి పరిశోధకులు తేల్చారు. 1963లో న్యూయార్కులోని ఆధునిక కళా ప్రదర్శనశాల అతని చిత్రాలను ప్రదర్శించిన పిమ్మట, వేగానికి రూపమిచ్చిన చిత్రంగా అది లోకప్రసిద్ధమయింది. పందెపు బాటల పక్కన నిలబడి నేటి ఛాయాచిత్రకారులు చేసేది కూడా ఆ పనియే. కారుతోపాటు కెమెరాను తిప్పడం, చక్రం తిరుగుతున్నట్లు కనిపించేటంత నెమ్మదిగా షట్టరును తెరవడం.

ఒకే కాలంలో ఒక యువకుడు వేగాన్ని కంటితో పట్టుకోగా మరొకడు చేతితో పట్టుకొన్నాడు. మొదటివానికి సంపద ఉంది, రెండవవానికి హోటలు జీతమే ఆధారం. కొంతకాలానికి నాయుడుగారి చేతికి కూడా కెమెరా వచ్చింది. ఆ సంగతికి ముందు ఆయన ఎదుగుదల కథ కొంత చెప్పవలసి ఉంది.

తిరుప్పూరులో పత్తి గింజలు తీసే మిల్లు పెట్టి, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆయన మంచి లాభం గడించారు. ఆ లాభాన్నంతా బొంబాయి పత్తి వ్యాపారంలో పోగొట్టుకొన్నారు. మళ్లీ మొదటికి వచ్చిన మనిషిని చేరదీసినవాడు కోయంబత్తూరులో పేరుపొందిన ఆంగ్లేయ వర్తకుడు రాబర్ట్ స్టేన్స్. ఆయన అండతో 1920లో నాయుడు ఒక బస్సు కొని పొల్లాచ్చి, పళని పట్టణాల మధ్య నడిపారు. మురుగన్ దర్శనానికి వెళ్లే యాత్రికులతో ఆ దారి ఎప్పుడూ రద్దీగానే ఉండేది. బస్సు నడిపేవాడు, బాగుచేసేవాడు, లెక్కలు చూసేవాడు అన్నీ ఆయనే. ఆ ఒక్క బస్సు కొద్దికాలంలోనే యూనివర్సల్ మోటార్ సర్వీసుగా, దేశంలోకెల్లా సమర్థమైన రవాణా సంస్థలలో ఒకటిగా పెరిగింది.

బస్సులు పెరిగిన కొద్దీ మరమ్మతుల అవసరం, దానితోపాటు యంత్రశాలలూ పెరిగాయి. పీలమేడులో నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ వెలసింది. అక్కడ 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి విద్యుత్ మోటారును తయారుచేయించారు. స్వదేశంలో తయారైన తొలి మోటారుగా దానిని చెబుతారు. నేడు కోయంబత్తూరు పంపుసెట్లు, మోటార్లు తెలుగునాట ప్రతి రైతుకూ పరిచితమే. ఆ పరిశ్రమకు మూలమిక్కడ ఉంది. తెలుగు రైతు బావి దగ్గర నీరు తోడే యంత్రానికీ, కలంగల్ దారిన ఒకనాడు పోయిన మోటారు సైకిలుకూ ఇటువంటి చుట్టరికముందని చాలామందికి తెలియదు.

1930 దశకంలో నాయుడుగారు ఐరోపా పర్యటనలు చేశారు. సామాన్య యాత్రికుని వలె కాక కెమెరాతో, కొలమానాలతో తిరిగారు. 1936 జనవరిలో లండనులో జరిగిన ఐదవ జార్జి చక్రవర్తి అంతిమయాత్రను స్వయంగా చలనచిత్రంగా తీశారు. స్వదేశంలో గాంధీజీ, నెహ్రూ, సుభాష్ చంద్రబోసు వంటి నాయకులు ఆయన కెమెరాకు చిక్కారు. అయితే కెమెరా చేతికి వచ్చినా మెకానిక్ చేయి ఊరుకోలేదు. ఆనాటి కెమెరాలలో చాలావాటికి ఎదుటి వస్తువు ఎంత దూరాన ఉన్నదో కంటితో అంచనా వేసి కటకాన్ని సరిచేయవలసి వచ్చేది. నిలిచి ఉన్న మనిషికి ఈ అంచనా కుదురుతుంది. ఎదురుగా దూసుకువచ్చే వాహనానికి కుదరదు, ఎందుకంటే దూరం ప్రతి క్షణం మారిపోతూ ఉంటుంది. కనుక వేగంగా పోయే వాహనాలను చిత్రించేవారు బాట మీద ఒక గుర్తును ముందే ఎంచుకొని, కటకాన్ని దానికి సరిచేసి, వాహనం ఆ గుర్తుకు చేరేవరకు కాచుకొని ఉంటారు. నాయుడుగారు రూపొందించిన పరికరాల జాబితాలో చలనచిత్ర కెమెరాకు దూరాన్ని సరిచేసే సాధనం కూడా ఒకటి. చిత్రం తీసేవాని ఇబ్బంది, యంత్రం చేసేవాని నేర్పు ఒకే మనిషిలో కలిస్తేనే ఇటువంటి వస్తువు పుడుతుంది.

ఆ జాబితా చాలా పెద్దది. బ్యాటరీ ఘటాలతో పనిచేసే చిన్న మోటారు అమర్చిన రసంత్ క్షౌరయంత్రం, అతి పలుచని బ్లేడ్లు, పండ్ల రసం తీసే యంత్రం, కిరసనాయిలుతో తిరిగే పంకా, మోసానికి వీలులేని ఓటు నమోదు యంత్రం అందులో కొన్ని. 1941లో ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే చేసి ఇవ్వగలనని ప్రకటించారు. రేడియో సంపన్నుల ఇళ్లకే పరిమితమైన రోజులవి. ఈ వస్తువులన్నింటిలోనూ కనిపించే లక్షణం ఒక్కటే, సామాన్యుని చేతికి అందే ధర. వ్యవసాయంలో కూడా ప్రయోగాలు చేసి పత్తి, బొప్పాయి మొక్కలను వింతగా పెంచారు. సర్ సి.వి. రామన్ వంటి శాస్త్రవేత్త ఆయన బహుముఖ ప్రతిభను మెచ్చుకొన్నారు.

ఆయన జీవితంలో రెండు సంఘర్షణలు మాత్రం విశేషంగా చెప్పుకోదగినవి. మొదటిది చదువుకు సంబంధించినది. 1944లో మోటారు వ్యాపారం నుండి విరమించుకొన్న తరువాత ఆయన దృష్టి సాంకేతిక విద్య మీదికి మళ్లింది. ఆయన దాతృత్వంతో 1945లో కోయంబత్తూరులో ఇంజనీరింగు కళాశాల ఆరంభమయింది. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు దానికి పెట్టారు. మూడవ తరగతి చదివిన మనిషి దానికి ప్రిన్సిపాలు అయ్యారు. ఇంజనీరింగు చదువుకు నాలుగేండ్లు అనవసరమని, యంత్రం ముందు నిలబెట్టి నేర్పితే అందులో సగం కాలం చాలునని ఆయన అభిప్రాయం. ప్రభుత్వం అంగీకరించలేదు. ఆయన రాజీనామా చేశారు. ఆ కళాశాల నేడు ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా మరొక చోట నడుస్తున్నది. అది మొదట ఉన్న తావును మాత్రం జనం ఇప్పటికీ హోప్స్ కాలేజ్ అనే పిలుస్తారు. ఈ వివాదంలో న్యాయమంతా ఒకవైపే ఉన్నదని చెప్పలేము. గణితం, భౌతికశాస్త్రం లేకుండా వంతెన కట్టే ఇంజనీరు తయారు కాడు. కాని మరను తాకకుండానే పట్టా పుచ్చుకొనే చదువును గురించి ఆయన వేసిన ప్రశ్న నేటికీ పాతబడలేదు.

రెండవ సంఘర్షణ కారుకు సంబంధించినది. 1952లో ఇద్దరు కూర్చుండదగిన పెట్రోలు కారును ఆయన తయారుచేశారు. ధర 2,000 రూపాయలు. ఆ సంవత్సరమే పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం అమలులోకి వచ్చింది. ఆ చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా ఎవరూ పెద్ద పరిశ్రమ స్థాపించరాదు. కొత్తగా స్వాతంత్ర్యం పొందిన దేశంలో ఇనుము, విదేశీ మారకద్రవ్యం కొరతగా ఉన్నందువల్ల ఏది ముందు, ఏది వెనుక అని ప్రభుత్వం నిర్ణయించ పూనుకొన్నది. కారు విలాస వస్తువు కిందికి వచ్చింది. నాయుడుగారి కారుకు లైసెన్సు దొరకలేదు, తయారీ ఆగిపోయింది. ఆ బండి మన రోడ్లకు తట్టుకొనేదో లేదో, ఆ ధర నిలబడేదో లేదో పరీక్షకు రాలేదు. పరీక్షకు అవకాశమే లేకపోవడం ఇక్కడ విచారించవలసిన విషయం. సామాన్య కుటుంబం కొనగలిగిన మారుతి 800 ఈ దేశపు రోడ్ల మీదికి వచ్చింది 1983 డిసెంబరులో, అంటే ముప్ఫై యేండ్ల తరువాత.

ఆ మారుతి ఇంజనుకు కోయంబత్తూరులో మరొక కథ జరిగింది. ఆ నగరానికే చెందిన సుందరం కరివర్ధన్ 1980 దశకం చివర ఆ చిన్న ఇంజనుతోనే ఫార్ములా మారుతి అనే పందెపు కారును రూపొందించి, తక్కువ ఖర్చుతో యువకులు పందెంలో దిగే దారి చూపాడు. 1995లో విమాన ప్రమాదంలో అతడు మరణించాడు. 2003లో నగర శివారున చెట్టిపాళయంలో ప్రారంభమైన 2.1 కిలోమీటర్ల పందెపు బాటకు అతని పేరే పెట్టారు. పందెపు రోజులలో ఆ బాట మలుపుల దగ్గర ఛాయాచిత్రకారులు కెమెరాలు పట్టుకొని బారులు తీరి ఉంటారు. నాయుడుగారు ఆ పందేలను చూడలేదు. అయితే మర విప్పడానికి భయపడని చేతులు ఒక ఊరినిండా పుట్టుకు రావడానికి కారకులలో ఆయన అగ్రగణ్యులు.

1967లో ఆయన కోయంబత్తూరులో శాశ్వత పారిశ్రామిక ప్రదర్శనను ఏర్పాటుచేశారు. యంత్రం ఎలా పనిచేస్తుందో బాలురు దగ్గరగా చూసి తెలుసుకోవాలని ఆయన కోరిక. 1974 జనవరి 4న ఆయన పరమపదించారు. అవినాశి రోడ్డులోని ఆ ప్రాంగణంలోనే 2015లో ఆయన వారసులు పాత కార్ల ప్రదర్శనశాలను తెరిచారు. వివిధ దేశాలలో వివిధ కాలాలలో తయారైన కార్లు అక్కడ వరుసగా నిలిచి ఉన్నాయి. కదలని ఆ కార్ల ముందు కెమెరాలు పట్టుకొని నిలిచేవారికి కొదువ లేదు. 2025 అక్టోబరులో అదే రోడ్డు మీద 10 కిలోమీటర్లకు పైగా సాగే పైవంతెనను ప్రారంభించి ప్రభుత్వం దానికి జి.డి. నాయుడు పేరు పెట్టింది. ఆ వంతెన హోప్స్ కాలేజ్ మీదుగానే పోతుంది.