పాట్రిక్ రస్సెల్

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోకనగరములలో పెరుగు మన బాలబాలికలకు సముద్రము దూరము. అయినను విశాఖ జాలరుల మాట యొకటి శాస్త్రగ్రంథములకెక్కిన చరిత్ర వారెరుగదగినది.

పాట్రిక్ రస్సెల్ స్కాట్లండునందలి ఎడింబరో పట్టణమున జన్మించెను. వైద్యుడై సిరియాలోని అలెప్పో నగరమున పెక్కేండ్లు పనిచేసెను. 1760–62లో అచట ప్లేగు చెలరేగగా, నగరమును వీడక రోగులను కనిపెట్టియుండెను.

పిమ్మట, విశాఖపట్టణమున ఈస్టిండియా కంపెనీ అధికారిగా నున్న సోదరుడు క్లాడుతో తెలుగుదేశమునకు వచ్చెను. 1785లో కంపెనీ ఆయనను ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించెను. పాముకాటుచే జనులు మరణించుచుండుటచే, విషసర్పములను గుర్తించు విధమును పరిశోధించి 1796లో గ్రంథము ప్రకటించెను. రక్తపింజరి నేటికిని ఆంగ్లమున ఆయన పేరనే పిలువబడుచున్నది.

తీరమున దొరకు మీనములను గూడ సేకరించి, బొమ్మలు వ్రాయించి, వర్ణనలు కూర్చెను. పెక్కింటికి స్థానికులు పలుకు పేళ్లనే ఉంచెను. 1789లో స్వదేశమునకు మరలినను ఆ పని విడువలేదు. డెబ్బదియైదేండ్లు దాటిన పిదప, 1803లో, 200 మీనముల గ్రంథము రెండు సంపుటములుగా లండనులో వెలువడెను.

ఫ్రెంచి పండితుడు కువియే 1816లో ఆ గ్రంథమునాధారముగా గొని, ఒక మీనమునకు కనగుర్త యను మాటనే శాస్త్రీయనామమున నిలిపెను. ఆ చేప నేడు రాస్ట్రెల్లిగర్ కనగుర్త యని లోకమంతట వ్యవహరింపబడుచున్నది.

రస్సెల్ 1805 జూలై 2వ తేదీన మరణించెను. విద్యార్థులారా! చదువుకొన్నవాడు వల లాగువాని యెరుకను చిన్నచూపు చూచియుండినచో, ఆ తెలుగు మాట తీరమునందే యుండిపోయెడిది.