సెల్ఫ్ స్టార్టర్ పితామహుడు చార్లెస్ కెట్టరింగ్

బైక్ ఎక్కి బొటనవేలితో బటన్ నొక్కగానే ఇంజన్ అందుకుంటుంది. దీన్నే మనం సెల్ఫ్ అంటాం. సెల్ఫ్ తీసుకోకపోతే ఉదయాన్నే ఎంత చిరాకు పడతామో అందరికీ తెలుసు. కానీ ఈ సౌకర్యం వెనుక కంటిచూపు సరిగా లేక రెండుసార్లు చదువు ఆపేసిన ఒక రైతుబిడ్డ ఉన్నాడని మనలో ఎంతమందికి తెలుసు?

చార్లెస్ ఫ్రాంక్లిన్ కెట్టరింగ్ 1876 ఆగస్టు 29న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, లౌడన్‌విల్ దగ్గర ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. చిన్నప్పటి నుండి కళ్ళు బలహీనం. కాసేపు చదివితే తలనొప్పి వచ్చేది. హైస్కూలు పూర్తయ్యాక పల్లెటూరి బడిలో పాఠాలు చెప్పాడు. తర్వాత కాలేజీలో చేరినా కళ్ళు సహకరించక మానేయవలసి వచ్చింది. ఆ రోజుల్లో టెలిఫోన్ స్తంభాల కోసం గోతులు తవ్వే, తీగలు లాగే ముఠాలో కూలిపని చేశాడు. ఆ పనిలోనే కరెంటు మీద ఆసక్తి పెరిగింది. మళ్ళీ ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి వెళ్ళాడు. తోటి విద్యార్థులు పుస్తకాలు పైకి చదువుతుంటే విని గుర్తుపెట్టుకున్నాడు. అలా 1904లో, తోటివాళ్ళ కంటే ఆలస్యంగా, 27 ఏళ్ళ వయసులో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా అందుకున్నాడు.

వెంటనే డేటన్ నగరంలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో ఉద్యోగం దొరికింది. దుకాణాల్లో డబ్బు లెక్కపెట్టే యంత్రాన్ని అప్పట్లో చేత్తో తిప్పేవారు. దానికి కెట్టరింగ్ చిన్న మోటారు అమర్చాడు. ఇక్కడే ఆయనకు ఒక కీలకమైన విషయం అర్థమైంది. రోజంతా తిరిగే మోటారు పెద్దదిగా ఉండాలి, లేకపోతే వేడెక్కి కాలిపోతుంది. కానీ కొన్ని క్షణాలు మాత్రమే తిరిగి ఆగిపోయే మోటారు చిన్నదైనా చాలు. దాని శక్తికి మించిన బరువు వేసినా, వేడెక్కేలోపే పని పూర్తవుతుంది.

1909లో సహోద్యోగి ఎడ్వర్డ్ డీడ్స్‌తో కలిసి డెల్కో సంస్థను స్థాపించాడు. అంతకుముందు వాళ్ళ ప్రయోగశాల డీడ్స్ ఇంటి వెనుక ఉన్న కొట్టమే! అక్కడ తయారైన ఇగ్నిషన్ పద్ధతిని కాడిలాక్ కార్ల కంపెనీ కొన్నది. పాత స్కూటర్లలో మెకానిక్‌లు మార్చే పాయింట్లు, కండెన్సర్, కాయిల్ ఆ పద్ధతికి వారసులే. పాయింట్లు విడిపోయినప్పుడు కాయిల్‌లోని కరెంటు ఆ సందులోంచి దూకాలని చూస్తుంది. కండెన్సర్ దాన్ని తనలోకి తీసుకుంటుంది. అందువల్ల పాయింట్లు త్వరగా కాలవు. కాయిల్‌లో కరెంటు కూడా ఒక్కసారిగా ఆగిపోయి, ప్లగ్ దగ్గర గట్టి స్పార్క్ వస్తుంది.

ఆ కాలంలో కారు స్టార్ట్ చేయాలంటే ముందు నిలబడి ఇనుప హ్యాండిల్ తిప్పాలి. ఇంజన్ వెనక్కి తన్నితే చేతులు, దవడలు విరిగేవి. బైరన్ కార్టర్ అనే కార్ల తయారీదారు అలాంటి దెబ్బ తగిలిన తర్వాత 1908లో మరణించాడు. ఆ సంఘటనకు కాడిలాక్ అధిపతి హెన్రీ లేలండ్ చలించిపోయి, హ్యాండిల్ లేని కారు కావాలని పట్టుబట్టాడని చెబుతారు.

ఇంజన్‌ను తిప్పాలంటే ఇంజన్ అంత మోటారు కావాలని నిపుణులు కొట్టిపారేశారు. కెట్టరింగ్‌కు క్యాష్ రిజిస్టర్ పాఠం గుర్తుంది. 1911లో సెల్ఫ్ స్టార్టర్ సిద్ధమైంది. 1912 మోడల్ కాడిలాక్ కార్లలో వచ్చింది. అందులో ఒకే యంత్రం రెండు పనులు చేసేది. స్టార్ట్ చేసేటప్పుడు 24 వోల్టులతో మోటారుగా తిరిగేది. ఇంజన్ అందుకున్నాక 6 వోల్టుల జనరేటరుగా మారి బ్యాటరీని ఛార్జ్ చేసేది, దీపాలు వెలిగించేది. ఫోర్డ్ మోడల్ టి కారుకు కూడా 1919లో స్టార్టర్ వచ్చింది. ఒంట్లో బలం లేనివారు, స్త్రీలు ఎవరి సాయం లేకుండా కారు నడపడం సులువైంది.

నేటి బండ్లలో బటన్‌కూ మోటారుకూ మధ్య రిలే ఉంటుంది. మోటారుకు వెళ్ళే భారీ కరెంటును బటన్ గుండా పంపితే బటన్ మాడిపోతుంది. అందుకే బటన్ నుండి సన్నని తీగతో కొద్ది కరెంటు రిలే కాయిల్‌కు వెళ్తుంది. కాయిల్ అయస్కాంతమై లోపలి కాంటాక్టులను కలుపుతుంది. అప్పుడు బ్యాటరీ నుండి లావు తీగ ద్వారా మోటారుకు కరెంటు అందుతుంది. బ్యాటరీ దిగిపోయినప్పుడు టిక్ టిక్ మని వినిపించేది ఆ రిలేయే.

కెట్టరింగ్ 1920 నుండి 1947 వరకు జనరల్ మోటార్స్ పరిశోధన విభాగాన్ని నడిపాడు. అన్నీ విజయాలే కావు. గాలితో చల్లబడే ఇంజన్ విఫలమై 1923లో ఆ షెవర్లే కార్లను వెనక్కి తెప్పించవలసి వచ్చింది. అంతకంటే పెద్ద మచ్చ సీసం కలిపిన పెట్రోలు. 1921లో ఆయన విభాగంలోనే అది పుట్టింది. 1924లో దాని తయారీలో కార్మికులు విషప్రభావంతో చనిపోయినా, ఆయన దాన్ని సమర్థించాడు. ఆ సీసం ఎన్నో తరాల పిల్లల ఆరోగ్యాన్ని దెబ్బతీసింది. మన దేశంలో 2000లో ఆ పెట్రోలు ఆగింది. ప్రపంచంలో చివరిగా అల్జీరియాలో 2021లో ఆగింది. గొప్పవారి జీవితం చదివేటప్పుడు ఈ భాగం దాటేయకూడదు. కొత్తది కనిపెట్టే తెలివితో పాటు, దానివల్ల ఎవరికి నష్టమో అడిగే మనసు కూడా ఉండాలి.

కెట్టరింగ్ 1958 నవంబరులో, 82వ ఏట మరణించాడు. న్యూయార్క్‌లోని ప్రసిద్ధ క్యాన్సర్ పరిశోధన సంస్థ పేరులో నేటికీ ఆయన పేరు ఉంది.

సోదరులారా! మా ఇంట్లో డిగ్రీ చూసిన మొదటివాణ్ణి నేనే. మధ్యలో చదువు ఆగితే తిరిగి రావడం మన ఇళ్ళలో ఎంత కష్టమో నాకు తెలుసు. కెట్టరింగ్ రెండుసార్లు ఆగి కూడా తిరిగి రాగలిగాడంటే, పక్కన కూర్చుని చదివి వినిపించిన స్నేహితులు ఉన్నారు కాబట్టే. వాళ్ళ పేర్లు ఏ బండి మీదా లేవు. మన హాస్టల్లో జబ్బు చేసో, ఇంటి కష్టాల వల్లో వెనకబడిన తమ్ముడు ఒక్కడైనా ఉంటాడు. పెట్టె సర్దుకుని వెళ్ళిపోయేలోపే అతని మంచం దగ్గరికి పుస్తకం పట్టుకుని వెళ్దాం.

— ఎం.ఎస్సీ. (ఫిజిక్స్), హాస్టల్ పూర్వ విద్యార్థి