గాలి టైరును లోకానికి అందించిన పశువైద్యుడు - జాన్ బాయిడ్ డన్‌లప్



మన వసతిగృహంలో చదివి వెళ్లిన అన్నయ్య ఒకరు ఇప్పుడు సొంత కారును ట్యాక్సీగా నడుపుకుంటున్నారు. గత వార్షికోత్సవానికి ఆ కారులోనే వచ్చారు. స్టీరింగు కాస్త వదులుగా పట్టుకుంటే బండి ఎడమ పక్కకు లాగుతోందని, వాన రోజుల్లో మలుపు తిప్పాలంటే భయంగా ఉందని చెప్పి, మమ్మల్ని కుడివైపు ముందు టైరు దగ్గరకు తీసుకెళ్లి చూపించారు. బయటి వైపు గాడులు కొత్త టైరులో లాగే ఉన్నాయి. లోపలి అంచు మాత్రం నున్నగా అరిగిపోయి ఉంది. నెలనెలా వాయిదాలు కట్టే బండి అది. టైరు కొని ఏడాది కూడా కాలేదట. కిరాయికి ఎక్కే పిల్లాజెల్లా ప్రాణాలు ఆ టైరు మీదే కదా అని అన్నయ్య బాధపడ్డారు.

అప్పటిదాకా టైరంటే దొర్లేది అని మాత్రమే మాకు తెలుసు. ఆ రోజు నుంచి దాని సంగతి తెలుసుకోవాలనిపించింది. అలా వెతికితే మాకు దొరికిన మహనీయుని జీవితమే ఇది.

బాల్యం, చదువు

జాన్ బాయిడ్ డన్‌లప్ 1840 ఫిబ్రవరి 5న స్కాట్లాండ్ దేశంలోని డ్రెగ్‌హార్న్ గ్రామంలో రైతు కుటుంబంలో జన్మించారు. తనది సున్నితమైన ఆరోగ్యమని నమ్మి జీవితాంతం ఒంటిని జాగ్రత్తగా చూసుకునేవారు. ఎడింబరోలో పశువైద్యం చదివారు. కొన్నేళ్లు అక్కడే పనిచేసి 1867లో ఐర్లాండ్‌కు వెళ్లారు. తరువాత బెల్‌ఫాస్ట్ నగరంలో పెద్ద పశువైద్యశాల నడిపారు. ఆయన ఇంజనీరు కారు. యంత్రాల చదువు చదవలేదు. గుర్రాలకు, పశువులకు వైద్యం చేసి బతికిన మనిషి.

పెరట్లో చేసిన పరీక్ష

ఆ రోజుల్లో సైకిళ్లకు గట్టి రబ్బరు పట్టీలే టైర్లు. బెల్‌ఫాస్ట్ వీధులు రాళ్లు పరిచిన వీధులు. కొడుకు జానీ తన మూడు చక్రాల సైకిలు ఆ రాళ్ల మీద తొక్కితే ఒళ్లంతా కుదుపులే. 1887లో డన్‌లప్ దీనికి ఉపాయం ఆలోచించారు. పలుచని రబ్బరు రేకుతో గొట్టం చేసి, ఒక చెక్క చక్రం చుట్టూ బిగించి, అందులో గాలి నింపారు.

తరువాత ఆయన చేసిన పని మమ్మల్ని బాగా ఆకర్షించింది. తన చక్రం బాగుందని ఊరికే అనుకోలేదు. కొడుకు సైకిలు చక్రం ఒకటి, తన గాలి చక్రం ఒకటి పక్కపక్కనే పెట్టి పెరట్లో దొర్లించారు. పాత చక్రం కొంత దూరం పోయి ఆగిపోయింది. గాలి చక్రం పెరడంతా దాటిపోయి అవతలి గేటు స్తంభానికి కొట్టుకుని వెనక్కి వచ్చింది. ఆ తరువాతే కొడుకు సైకిలు వెనుక చక్రాలకు గాలి టైర్లు వేశారు. 1888 డిసెంబరు 7న ఆయనకు పేటెంటు లభించింది.

ఇందులోని కిటుకు తేలికైనదే. గట్టి చక్రం రాయి ఎక్కినప్పుడు బండి మొత్తం పైకి లేస్తుంది. గాలి టైరు అయితే రాయి తగిలిన చోట మాత్రమే లోపలికి నొక్కుకుంటుంది, మిగతా భాగం నేలను వదలదు. ఎగిరే చక్రానికి పట్టు ఉండదు. పట్టు లేని చక్రాన్ని ఎటు తిప్పినా బండి మాట వినదు. డన్‌లప్ కొడుకు సుఖం కోసం చేసిన టైరులోనే బండిని అదుపులో పెట్టే గుణం కూడా ఉంది.

పందెంలో గెలుపు

1889 మే నెలలో బెల్‌ఫాస్ట్ క్వీన్స్ కాలేజీ మైదానంలో సైకిలు పందేలు జరిగాయి. విల్లీ హ్యూమ్ అనే సైకిలు వీరుడు గాలి టైర్ల సైకిలు ఎక్కి అన్ని పందేలూ గెలిచాడు. ఓడినవారిలో హార్వే డు క్రాస్ అనే వ్యాపారి కుమారులు కూడా ఉన్నారు. ఓటమికి కోపగించుకోకుండా ఆ తండ్రి గెలిపించిన టైరు గొప్పతనం గుర్తించాడు. ఆ ఏడాదే డబ్లిన్‌లో గాలి టైర్ల కంపెనీ మొదలైంది. డన్‌లప్ తన పేటెంటును దానికి అప్పగించారు.

పేటెంటు పోయింది

అయితే రెండేళ్లు గడవకముందే పిడుగు పడింది. స్కాట్లాండ్‌కే చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ 1840లలోనే గాలి టైరుకు పేటెంటు తీసుకున్నారని బయటపడింది. అప్పటికి సైకిళ్లు, కార్లు లేక గుర్రపు బగ్గీలే ఉండడంతో ఆ టైరును జనం మరచిపోయారు. థామ్సన్ 1873లోనే చనిపోయారు. ముందు కనిపెట్టిన వ్యక్తి థామ్సన్ కనుక డన్‌లప్ పేటెంటు చెల్లకుండా పోయింది. టైరును రిమ్ముకు గట్టిగా పట్టి ఉంచే ఉపాయాలకు ఇతరులు తీసుకున్న పేటెంట్లు సంపాదించి కంపెనీ నిలదొక్కుకుంది.

డన్‌లప్ 1890ల మధ్యలో కంపెనీ నుంచి తప్పుకున్నారు. 1896లో ఆ వ్యాపారం 30 లక్షల పౌండ్లకు చేతులు మారింది. ఆ సంపదలో ఆయనకు దక్కింది కొద్దిపాటే. కంపెనీకి పేరు మాత్రం ఆయనదే మిగిలింది. 1921 అక్టోబరు 23న డబ్లిన్‌లో కన్నుమూశారు.

ఆయన బతికి ఉండగానే గాలి టైరు కారుకూ ఎక్కింది. 1895లో ఫ్రాన్స్ దేశపు మిషెలిన్ సోదరులు పారిస్ - బోర్డో - పారిస్ పందెంలో గాలి టైర్ల కారు నడిపారు. దారిలో ఎన్నో పంక్చర్లు పడ్డా ఆ టైరు కారుకూ పనికివస్తుందని లోకానికి తెలిసింది. మన పల్లెల్లో కూడా ఇనుప కట్టు చక్రాల ఎడ్ల బండి పోయి టైర్ల బండి వచ్చాక ఎడ్లకు భారం తగ్గింది. పశువైద్యుని పని చివరకు పశువులకూ మేలు చేసింది.

టైరు నేలను ఎంత మేర తాకుతుంది?

ఒక చిన్న లెక్క. కారు బరువు 900 కిలోలు, అంటే సుమారు 2,000 పౌండ్లు. ఒక్కో చక్రం మీద 500 పౌండ్లు. టైరులో గాలి చదరపు అంగుళానికి 30 పౌండ్లు. 500ను 30తో భాగిస్తే సుమారు 17 చదరపు అంగుళాలు. అంటే నాలుగు అంగుళాల పొడవు, నాలుగు అంగుళాల వెడల్పు కంటే కాస్త ఎక్కువ. మన అరచేయి అంత! బ్రేకు వేసినా, మలుపు తిప్పినా కారుకు ఆధారం ఆ నాలుగు అరచేతులే. ఆ అరచేతిని నేల మీద సమంగా ఆనించి ఉంచడమే వీల్ అలైన్‌మెంట్ పని. అందులో చూసేవి మూడు.

మొదటిది కాంబర్. ఎదురుగా నిలబడి చూస్తే చక్రం పైభాగం లోపలికో బయటికో ఎంత వాలిందో చెప్పేది ఇది. లోపలికి ఎక్కువగా వాలితే లోపలి అంచే అరుగుతుంది. రెండు పక్కలా వాలు సమానంగా లేకపోతే బండి ఒక పక్కకు లాగుతుంది.

రెండవది టో. రెండు ముందు చక్రాల కొసలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయా, దూరంగా ఉన్నాయా అన్నది ఇది. మనం పాదాలు లోపలికి తిప్పి నడిచినా, బయటికి తిప్పి నడిచినా చెప్పులు వంకరగా అరిగినట్లే టైర్లూ ఈడ్చుకుపోయి అరుగుతాయి.

మూడవది కాస్టర్. మన సైకిలు ముందు ఫోర్కు నిటారుగా కాక ఏటవాలుగా ఉంటుంది. నడుస్తున్న సైకిలు తిన్నగా పోవడానికి ఆ వాలు తోడ్పడుతుంది. మలుపు తిరిగాక కారు స్టీరింగు తనంతట తాను తిన్నబడడానికీ ఇదే ఒక కారణం.

ఇక టైరు ఎంపిక. టైరు పక్కన ఉండే అంకెలు అలంకారానికి కావు. 2014లో తయారీ ఆగిపోయిన మారుతి 800 కారు టైరుపై 145/70 ఆర్ 12 అని ఉండేది. వెడల్పు 145 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 70 శాతం, ఆర్ అంటే రేడియల్, రిమ్ము 12 అంగుళాలు. గోడ ఎత్తు ఎక్కువైతే కుదుపులు తగ్గుతాయి, కానీ మలుపులో టైరు ఎక్కువగా వంగి స్టీరింగుకు ఆలస్యంగా స్పందిస్తుంది. గోడ పొట్టిదైతే చురుగ్గా తిరుగుతుంది, గుంతల్లో రిమ్ము దెబ్బతింటుంది. అందుకే కంపెనీ చెప్పిన కొలతే వేయాలి. గాలి తక్కువైతే టైరు రెండు అంచులూ, ఎక్కువైతే నడిమి భాగమూ అరుగుతాయి. గాడుల అడుగున ఉండే చిన్న దిమ్మెలతో రబ్బరు సమమైతే ఇక ఆ టైరు మార్చవలసిందే. గాడులు లేని టైరు వాననీటిని పక్కకు నెట్టలేక నీటి మీద తేలిపోతుంది.

అన్నయ్య కారు సంగతి

అన్నయ్య కారు కుడి చక్రం ఎప్పుడో గుంతలో పడి, లోపలి భాగమొకటి వంగిందని మెకానిక్కు తేల్చారు. అది మార్చి, అలైన్‌మెంట్ చేయించారు. రెండు కొత్త టైర్లు కొని వెనుక చక్రాలకు వేయించి, బాగున్న పాత టైర్లు ముందుకు మార్పించారు. వానలో వెనుక పట్టు పోతే కారు గిర్రున తిరుగుతుందట, దాన్ని ఆపడం కష్టమట. ఇప్పుడు బండి తిన్నగా పోతోందని ఫోనులో చెబితే మాకు చాలా సంతోషం కలిగింది.

మనకు పాఠం

డన్‌లప్ మొదటివారు కారు, ధనవంతులూ కాలేదు. అయినా కొడుకు కష్టాన్ని కళ్లారా చూసి, రెండు చక్రాలు పక్కపక్కన దొర్లించి నిజం తేల్చుకున్నారు. మనమూ మన చదువును అలా పరీక్షించి నేర్చుకుందాం. బండ్లు నడిపే అన్నయ్యలందరికీ మా మనవి ఒక్కటే. వచ్చే వార్షికోత్సవానికి బయలుదేరే ముందు నాలుగు టైర్ల అంచులూ చేత్తో తడిమి చూసుకోండి. గాలి సరిచూసుకుని క్షేమంగా రండి. మేమంతా ఎదురు చూస్తుంటాం.